నిండు ఆట

తమ అంగట్లో జయన్న సారు కనపడేసరికి కన్యక గడప దగ్గరే ఆగిపోయింది. కాలేజీ గ్రౌండులో మెడలో విజిలు, నెత్తిన టోపీ లేకుండా ఆ మనిషిని ఆమె ఎప్పుడూ చూసింది లేదు. అలాంటిది చెప్పులు బయట విడిచి, నాన్న పక్కన తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ఊరి నుంచి వచ్చిన మామూలు రైతు మాదిరి కూర్చున్నాడు. బయట రోడ్డు మీద పత్తి బోరాలతో ఒక ఆటో నిలబడి ఉంది. దేవనకొండ పక్కన సారుకు పొలం ఉందని, ఏటా పత్తి ఈ అంగడికే తెస్తాడని ఇంట్లో అనుకోగా విన్నదే. అయినా చూడ్డం వేరు.

ఆమె నాన్నకు క్యారియర్ ఇచ్చిపోదామని వచ్చింది. గుమాస్తా భీమప్ప అందుకుంటూ, "ఇట్లియ్యి మ్మా, అయ్య బేరంలో ఉండాడు," అని గొంతు తగ్గించాడు.

బేరంలో ఉన్న సంగతి కన్యకకు అతను చెప్పాలా? ఇద్దరి కుడిచేతులూ నాన్న తువ్వాలు కింద ఉన్నాయి.

ఆదోని పత్తి మార్కెట్ యార్డులో వేలం కంప్యూటర్లోకి ఎక్కి ఏళ్లయింది. కానీ నాన్న రామసుబ్బయ్య ఈడు వ్యాపారులకు నలుగురున్నచోట నోటితో ధర చెప్పాలంటే ఇప్పటికీ నామోషీ. తువ్వాలు కప్పుకుని ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. పైన మాటలు మాత్రం వానల గురించి, మనవళ్ల గురించి. కింద ఏం జరుగుతోందో పక్కనున్నవాడికి తెలియదు, తెలుసుకోకూడదు. అయితే చిన్నప్పుడు సాయంత్రాలన్నీ ఆ పరుపు మీదే పొర్లిన పిల్ల కాబట్టి కన్యకకు వేళ్లు కనపడకపోయినా మోచేతులు చాలు. మోచెయ్యి జరగకుంటే ఒప్పుకోలేదని, భుజం ముందుకు వంగితే బతిమాలుతున్నాడని.

సారు భుజం ముందుకు వంగి ఉంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వంగింది. నాన్న మోచెయ్యి జరగలేదు.

"ఈసారి గులాబీ పురుగు ఎట్లుంది సారూ, మీ పక్క?" అని నాన్న పైకి అడుగుతున్నాడు.

"ఉండాది శెట్టిగారూ. యాడ లేదు?" అంటున్నాడు సారు. మాట పురుగు మీద ఉంది, చూపు మాత్రం అడుక్కుంటున్నవాడి చూపు.

చివరికి నాన్న తలూపి, తువ్వాలు లాగి దులిపి భుజాన వేసుకున్నాడు. బేరం కుదిరింది. సారు లేచి చెప్పులేసుకుంటూ కన్యకను చూసి తత్తరపడ్డాడు. "రేపు ప్రాక్టీసుకు బిరీన రా మ్మా," అనేసి, జవాబు వినకుండా ఆటో వైపు పోయాడు.

మరుసటి రోజు సాయంత్రం గ్రౌండులో సారు ఫుట్‌బాల్ డివిజన్ ఫైనల్‌కు పేర్లు చదివాడు. గోల్‌లో తేజస్వి. ఆ పిల్లే కెప్టెన్ కూడా. మిగిలిన పేర్లు అందరికీ తెలిసినవే, ఎవరూ పెద్దగా వినడం లేదు. రేణుక అయితే వినకుండా బూటు లేసు కట్టుకుంటోంది. సీజనంతా లెఫ్ట్ వింగ్ ఆమెది. ఆమె అలిసిపోయినప్పుడు చివర్లో కాసేపు దిగడం కన్యక పని.

"లెఫ్ట్ వింగు, కన్యక."

రేణుక చేతిలో లేసు అట్లాగే ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వి, అది తమాషా కాదని తెలిసి నోరు మూసుకున్నారు. సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సబ్‌స్టిట్యూట్లు, రేణుకా..." అని ఇంకో ఇద్దరి పేర్లు గబగబా చెప్పి విజిలు ఊదాడు. చెప్పాల్సింది తొందరగా చెప్పేసి తప్పించుకోవాలన్న ఊపు అందులో వినపడింది.

ఫైనల్ ఎమ్మిగనూరులో. ఆడేదీ ఎమ్మిగనూరు కాలేజీ మీదే. రేణుకది ఆ ఊరే, చేనేత వాళ్లమ్మాయి. తెల్లవారుజామున మగ్గానికి నూలు కండెలు చుట్టిపెట్టి, బస్సెక్కి ఆదోని వచ్చి, క్లాసులయ్యాక ప్రాక్టీసు చేసి, మళ్లీ బస్సులో పోయే పిల్ల. రేపు తమ వీధిలో మధ్యాహ్నానికే మగ్గాలు ఆపేసి అందరూ చూడ్డానికి వస్తారని వారం నుంచీ ఊదరగొడుతోంది. "మా మామ ఆడపిల్లకి బంతేందని తిట్టినోడు, ఆయప్ప కూడా వస్తాడంట మే!" అని నిన్ననే కన్యక భుజం మీద చరిచి మరీ చెప్పింది.

ఇప్పుడు లేసు విప్పి, మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటోంది.

"రేణుకా, నాకేం తెలీదు మే," అంది కన్యక.

"నిన్నేమన్నా అంటినా?"

"ఒట్టు. నేను అడగలేదు."

"నువ్వెందుకు అడుగుతావు? అడిగేవాళ్లు వేరే ఉంటారు కదా," అంది రేణుక తల ఎత్తకుండా. "సారు పత్తి మీ అంగడికే కదా వచ్చేది. పోన్లే, గమ్మునుండు. నాకు ఏడుపొస్తాంది, మాట్లాడియ్యొద్దు."

తువ్వాలు కింద వంగిన భుజం, అడుక్కునే చూపు, ఇవన్నీ కన్యకకు ఒక్కసారిగా ఒక వరసలో వచ్చి కూర్చున్నాయి. సారు తన పత్తికి ధర పెంచమని వంగాడు. నాన్న మోచెయ్యి కదలకుండా బిగబట్టాడు. చివరికి నాన్న ఇచ్చాడు, బదులు సారు ఇది ఇచ్చాడు. ఇంతకంటే ఏముంటుంది? ఛీ అనిపించింది. ఆ వెంటనే, రేపు తొంభై నిమిషాలూ తనవే కదా అని ఒక సంతోషం కూడా లోపల కదిలింది. దానికి ఇంకా ఎక్కువ ఛీ అనిపించింది.

ప్రాక్టీసు అయ్యాక సారు బంతులు వల సంచిలో వేసుకుంటుంటే దగ్గరికి పోయింది.

"సార్, రేపు రేణుకనే ఆడించండి."

"ఎందుకు?"

"ఆమె ఊరు సార్. ఆమె సోటు."

సారు సంచి మూతి ముడి వేస్తూ ఉండిపోయాడు. ఆ ముడి అంత సేపు పట్టేది కాదు. "నువ్వు రేపు ఆడల్ల. కాసేపు కాదు, నిండుగా. విజిలు నుంచి విజిలు దంకా. ఇంకేమీ అడగద్దు నన్ను," అన్నాడు.

"అది న్యాయమేనా సార్?"

"కాదు," అన్నాడు సారు, కోపంగా. "న్యాయం కాదని నాకు తెలీదా? ఇంటికి పో మ్మా."

తప్పని ఒప్పుకుంటూనే చేస్తానంటున్న మనిషితో ఇంకేం వాదించడం! కన్యక సైకిలెక్కింది గానీ ఇల్లు ఏ పక్కో కూడా తోచలేదు.

అన్నాలప్పుడు నాన్న కంచంలో వేళ్లనే చూస్తూ కూర్చుంది. రామసుబ్బయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే తూకం వేసినట్టు ఉంటుంది. అంగట్లో తూకంలో మోసం జరిగిందని ఈరోజు దాకా ఎవడూ వేలెత్తి చూపలేదు. ఆయన గర్వమంతా అదే.

"నాయినా, జయన్న సారు పత్తికి మంచి ధర పడిందా?"

రామసుబ్బయ్య ముద్ద కలుపుతూ ఆగాడు. "తువ్వాలు కింది మాట బయటికి తియ్యరు మ్మా. అంత మాత్రం తెలీదా నీకు, శెట్టి బిడ్డవి?"

"ఊరికే అడిగినా."

"ఊరికే కూడా అడగరు."

తల్లి తులసమ్మ చారు వడ్డిస్తూ, "రేపు ఎమ్మిగనూరుకి పొయ్యేది నిజమేనా ఇది? పేపర్లో ఆ నిక్కరు ఫోటో పడినప్పటి నుంచి నాకు తల ఎత్తుకునేకి లేదు," అంది.

"పోనీ," అన్నాడు రామసుబ్బయ్య. "రేపటికి పోనీ."

నాన్న ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం ఏనాడూ లేదు. కన్యకకు ఉన్న ఒక్క అనుమానం కూడా తీరిపోయింది. కూతురి ముచ్చట కోసం ఎన్నడూ చెయ్యని పాడు పని చేశాడు నాన్న. ఆయన్ను చూస్తే జాలీ వేసింది, అసహ్యమూ వేసింది. మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయింది.

ఎమ్మిగనూరు గ్రౌండు చుట్టూ జనం నిజంగానే వచ్చారు. చేతులకు రంగు మరకలతో మగవాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. ఒగ్గాని బజ్జీల బండి కూడా గేటు లోపలికి వచ్చేసింది. రెండు జట్లూ లోపలికి నడుస్తుంటే గళ్ల చీరలో ఒకామె లైను దాకా వచ్చి ఒక్కొక్క మొహం వెతికింది. రేణుక అమ్మ నీలమ్మ అని ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది.

"పాపా, మా రేణుక యాడమ్మా? కనపడ్తా లేదే."

కన్యక వంగి బూటు లేసు చూసుకుంది. పక్క నుంచి తేజస్వి, "బెంచీ మీద ఉంది పెద్దమ్మా. తర్వాత దిగుతాది," అని సర్ది చెప్పింది.

"తర్వాతా? అయ్యో, మావోళ్లంతా ఇప్పుడే వచ్చిరే," అంది నీలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, ఏదో పొరపాటు జరిగిందన్న కంగారే ఉంది.

విజిలు మోగింది. మొదటి కాసేపు కన్యక కాళ్లు కన్యక మాట వినలేదు. బంతి వస్తే వదిలించుకుంటే చాలన్నట్టు ఎటో తన్నేసింది. తర్వాత ఒక బంతి సరిగ్గా పాదం లోపలి వైపుకి వచ్చి అక్కడే నిలబడింది. ఎదురొచ్చిన పిల్ల కుడి పక్కకు పోతుందనుకుని వంగింది, కన్యక ఎడమ పక్క నుంచి దాటేసింది. ముందంతా ఖాళీ. పరిగెత్తింది. ఒరేయ్, ఇదా, ఇంత బాగుంటుందా అనిపించింది. సీజనంతా చివర్లో కాసేపు దిగడంలో ఎన్నడూ దొరకనిది ఇదే. అప్పుడు ఆట అయిపోతుందన్న తొందర ఉండేది. ఇప్పుడు మొత్తం ఆట ముందుంది. లైను దగ్గర నుంచి బంతిని గోలు ముందుకు లేపింది. అది వంగుతూ వెళ్లి స్తంభానికి తగిలి బయటికి పోయింది. జనం ఒక్క గొంతుతో అయ్యో అన్నారు.

నవ్వుకుంటూ వెనక్కి వస్తుంటే, లైను పక్కన ఎవరిదో మగ గొంతు, "ఎవరప్పా ఈ పాప?" అంది.

"ఆదోని పత్తి శెట్టి కూతురంట. కొనుక్కుని దిగింది. మన రేణుకని కూసోబెట్టినారు సూడు."

కన్యక బెంచీ వైపు చూసింది. రేణుక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నేల చూస్తూ కూర్చుంది. పాదాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి, మగ్గం తొక్కుతున్నట్టు.

ఆ తర్వాత బంతి కోసం పోటీ వచ్చినప్పుడు, అవతలి పిల్ల ఇంకా తగలకముందే కన్యక కింద పడింది. ఎడమ మడమ రెండు చేతులా పట్టుకుంది. "అమ్మా!" అని అరిచింది. అరుపు అబద్ధమే గానీ కళ్లలో నీళ్లు నిజంగానే వచ్చాయి. సారు పరిగెత్తుకొచ్చాడు.

"లెయ్, ఏం కాలేదు. లెయ్ మ్మా. నడువు, సర్దుకుంటాది."

"నడవలేను సార్."

"సూడు, కొంచెం సేపు ఓర్సుకో. నా మాట విను. ఈ ఒక్క ఆట..." సారు మోకాళ్ల మీద కూర్చుని నిజంగా బతిమాలుతున్నాడు. ఎంత పెంచాడో పత్తికి నాన్న, ఇంతగా బతిమాలుతున్నాడంటే, అనుకుంది కన్యక. మొహం పక్కకు తిప్పుకుంది.

"నడవలేను. రేణుకని పంపండి."

రేణుక దిగింది. జనం చేసిన గోల పక్క ఊరికి వినపడి ఉంటుంది. ఆ తర్వాత ఏం చెప్పాలి! రెండో సగంలో రేణుక ఇచ్చిన బంతే గోలయింది. ఆదోని పిల్లలు గెలిచారు. ఆదివారం కర్నూలులో జిల్లా పోటీ ఆడాల్సింది ఇక వీళ్లే. ఓడింది సొంత ఊరి కాలేజీ అయినా ఎమ్మిగనూరు జనం రేణుకను భుజాల మీదకు ఎత్తుకున్నారు. ముందుండి ఎత్తింది ఆ తిట్టిన మామే. నీలమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రేణుక కిందికి దూకి నేరుగా కన్యక దగ్గరికొచ్చి కావలించుకుంది.

"కాలెట్లుంది మే? నిన్న ఏదో అనేస్తి. మనసులో పెట్టుకోవద్దు. ఆదివారానికి బాగైపోతాది లే, ఇద్దరమూ ఆడదాం."

కన్యకకు హాయిగా అనిపించింది. చేసింది మంచి పనే. ఎంత బరువు తీరిందో! అప్పుడే జయన్న సారు వచ్చి ముందు నిలబడ్డాడు. గెలిచిన జట్టు సారు మొహం కాదు అది.

"నువ్వేం పోగొట్టుకున్నావో నీకు తెలీదు మ్మా," అన్నాడు. "పో. మీ నాయిన వచ్చినాడు. అదో, గేటు కాడ."

కన్యక తిరిగి చూసింది. బజ్జీల బండి వెనక, తెల్ల పంచెతో, రామసుబ్బయ్య. పత్తి సీజనులో అంగడి వదిలి పెళ్లిళ్లకు కూడా పోని మనిషి.

ఇద్దరూ కారులో ఊరు దాటారు. పాత కారు. గేరు మార్చినప్పుడల్లా మూలుగుతుంది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలల్లో కూలీలు నెత్తిన మూటలతో ఇంటిదారి పడుతున్నారు.

"నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"ఆదివారానికి తగ్గుతాదా?"

"ఎందుకు నాయినా?"

రామసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "తువ్వాలు కింది మాట బయట పెట్టకూడదు. కానీ అది నీ గురించి, కాబట్టి నీకు సెప్పల్ల. నేనే ఆయప్పకు కబురంపినా, ఇంక మా పిల్లని ఆడించొద్దు సారూ అని. గుంతకల్లు మీ అత్త ఆ ఫోటో సూసి ఫోను చేసి నిలదీసినప్పటి నుంచి, ఏం జవాబు సెప్పల్లనో నాకు తెలీలేదు. ఆయన అంగడికే వచ్చినాడు. అంగట్లో అంతమంది ముందర ఆడపిల్ల మాట ఎత్తేదెట్ల? తువ్వాలు కప్పితి."

కన్యక ఆయన వైపు తిరిగింది.

"ఆయన నాలుగు వేళ్లు పట్టినాడు, ఇంకా నాలుగు ఆటలు. నేను ఒక్కటీ లేదన్నా. మూడు, రెండు. నేను ఒప్పుకోలే. ఆఖరికి ఒక్కటన్నా ఇయ్యమని ఆ ఒక్క వేలూ వదల్లే మనిషి. సరే, ఒకటి. నిండుగా ఆడిస్తానని ఆయన, సూసేకి వస్తానని నేను, రాత్రి ఫోనులో అనుకుంటిమి. నీకు ముందే సెప్తే ఏడ్సుకుంటా ఆడతావని సెప్పొద్దన్నా."

"మరి పత్తి ధర?"

"పత్తి ధరేంది? పత్తి యార్డులో వేలానికి పోయింది, అందరి పత్తితో పాటు." ఆయనకు ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. "నేను ఇస్తానన్నది నిండు ఆట. నువ్వు సగం కూడా ఆడలేకపోతివి. తూకం తక్కువ పడిన సరుకు అది, బాకీ నాదే. కాలు బాగైతే ఆదివారం ఆడుకో. దాంతో సరి."

మాట్లాడకుండా ఉంటే చాలు. ఒక ఆట తన చేతిలోకి వస్తుంది, మొదటి విజిలు నుంచి చివరి విజిలు దాకా. కన్యక తన ఎడమ మడమను చూసుకుంది. తేజస్వి పట్టీ కూడా కట్టింది దానికి. నాన్న దొంగ అనుకుని నిన్నటి నుంచి ఆయన మొహం చూడలేకపోయింది. ఇప్పుడు తూకం సరిగ్గా వెయ్యాలని ఆయన తాపత్రయపడుతుంటే, దొంగ సరుకు పెట్టుకుని కూర్చున్నది తను.

"నాయినా, నాకు దెబ్బ తగల్లేదు."

కారు వేగం తగ్గింది. రామసుబ్బయ్య దాన్ని రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"మల్లెందుకు పడితివి?"

"నువ్వు సారుకి ధర పెంచి నాకు ఆ సోటు కొన్నావనుకున్నా. రేణుక సోటు. అందుకే ఆమెకి ఇచ్చేసినా."

ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఆమె వైపు చూశాడు. "నేను కొన్నాననుకున్నావా?" అన్నాడు. "నేనా?"

కన్యక ఏడ్చేసింది. ఏడుపులోనే, "తప్పయింది నాయినా," అంది. ఆ తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం ఆమెకు తెలియలేదు. రేణుకను కూర్చోబెట్టిన సారుదా, ఆడపిల్ల మాట అని తువ్వాలు కప్పిన నాన్నదా, మోచేతులు చూసి అంతా తెలుసనుకున్న తనదా.

"అయితే బాకీ లేదు," అన్నాడు రామసుబ్బయ్య. "ఇచ్చిన సరుకు నువ్వే వద్దనుకున్నావు. బేరం అయిపోయింది."

"అవును."

మళ్లీ కారు స్టార్ట్ చేశాడు. కొంత దూరం పోయాక అడిగాడు.

"ఆ పాప నీకంటే బాగ ఆడతాదా?"

కన్యక నిజంగా ఆలోచించింది. స్తంభానికి తగిలిన బంతి గుర్తొచ్చింది. దాని తర్వాత ఏముండేదో ఎవరికి తెలుసు?

"తెలీదు నాయినా. నేను ఎప్పుడూ నిండుగా ఆడలేదు కదా."

"తెలీదా?" రామసుబ్బయ్య ఆమె వైపు తిరిగాడు. ఇందాక దొంగతనం అంటగట్టినప్పుడు కూడా రాని కోపం ఇప్పుడు వచ్చింది ఆయనకు. "నీ సరుకేందో నీకే తెలీకుండా ఇచ్చేసినావా? ఎవరన్నా చేస్తారా మ్మా ఆ పని? నా ఇంట్ల పుట్టి!"

కన్యక ముక్కు తుడుచుకుంది. ఆదోని దీపాలు కనపడుతున్నాయి. ఆయన గేరు మార్చాడు, మూలిగింది. మళ్లీ మార్చాడు.

"ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆడనిద్దామని అడుగుతున్నాడో, ఆ పూట ఇల్లు కదలకుండా చూడాలని అడుగుతున్నాడో ఆ గొంతును బట్టి ఆమె పోల్చుకోలేకపోయింది. ఆయన మోచెయ్యి వైపు చూడబోయి, వద్దనుకుంది.

"పొద్దున తొమ్మిదికి నాయినా," అని నిజమే చెప్పింది.